వాణిజ్య భవనానికి నక్షత్రాలు – మూడో పాఠం: హారం దగ్గరే తేడా వస్తుంది

పోయిన పాఠం చివర మీకో పని అప్పగించాను. అందుబాటులో ఉన్న ఏదైనా ఒక ఆఫీసు భవనానికి పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ లాగ్‌బుక్, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను సంపాదించమన్నాను. అవి చేతిలో ఉంటే, మీ భవనం ఎంత పొదుపుగా కరెంటు వాడుతోందో చెప్పే నక్షత్రాలు ఈ రోజు మీరే కట్టేస్తారు. దొరకనివారు నాతో పాటు ఈ ఊహా భవనాన్ని లెక్కించండి: హైదరాబాదులో ఐదంతస్తుల ఆఫీసు, కింద సెల్లార్‌లో పార్కింగ్, డాబా మీద 50 కిలోవాట్ల సోలార్ పలకలు, దాదాపు భవనమంతా ఏసీ.

లెక్కలోకి దిగే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. భవనాలకు ఇచ్చే రేటింగులు ప్రధానంగా రెండు రకాలు. కట్టేటప్పుడు ఇచ్చేది ఒకటి. కిటికీ అద్దం ఎలాంటిది, పైకప్పు వేడిని ఆపుతుందా, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడతారా వంటి అంశాలకు పాయింట్లు వేస్తారు. అమెరికా పద్ధతి అయిన లీడ్, మన దేశపు ఐజీబీసీ, గృహ పేర్లతో మనకు ఎక్కువగా కనిపించేవి ఈ రకానివే. ఇందులో హైదరాబాదుకు గర్వించదగ్గ చోటు ఉంది. ఇక్కడి సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 69 పాయింట్లకు 56 తెచ్చుకుని, అమెరికా బయట లీడ్‌లో అత్యున్నత స్థాయి అయిన ప్లాటినం పొందిన మొట్టమొదటి భవనమైంది. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు.

రెండో రకం, నడుస్తున్న భవనాన్ని చూసి ఇచ్చేది. 1998లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మొదలైన పద్ధతి ఇప్పుడు నేబర్స్ పేరుతో నడుస్తోంది. అక్కడ పెద్ద ఆఫీసు భవనాన్ని అమ్మాలన్నా, అద్దెకు ఇవ్వాలన్నా ఆ రేటింగును ముందుగా బయటపెట్టాలి. మన దేశంలో ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద నక్షత్రాల చీటీ అంటించే ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే బీఈఈ, 2009లో ఆఫీసు భవనాలకూ నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ పాఠాలు రెండో రకం గురించే.

ఎందుకంటే పెళ్లిచూపుల నాటి ముచ్చట వేరు, కాపురం వేరు. ఒకసారి ఒక భవనం లెక్క చూడటానికి వెళ్లాను. లాబీలో నిలువెత్తు ఫ్రేములో సర్టిఫికెట్ ఉంది. రాత్రి పది గంటలకు నాలుగో అంతస్తులో ఒక్క మనిషి లేడు, ఏసీ మాత్రం నిండుగా నడుస్తోంది. టైమర్ ఎప్పుడో పాడైంది, బాగు చేయించే నాథుడు లేడు. ఆ సర్టిఫికెట్ అబద్ధమేమీ కాదు. కానీ అది చెప్పేది కట్టిన నాటి సంగతి. ఆ రాత్రి సంగతి బిల్లే చెప్పగలదు.

ఇక లెక్క. మనకు కావలసిన సంఖ్య పేరు ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్, క్లుప్తంగా ఈపీఐ. సంవత్సరంలో వాడిన యూనిట్లను భవనం విస్తీర్ణంతో భాగిస్తే వస్తుంది. బడిలో నేర్చుకున్న లవం, హారం అంతే. అయితే రెండింటిలోనూ కాలు జారే చోట్లు ఉన్నాయి.

ముందు లవం. పెద్ద భవనాలకు హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ ఉంటుంది. ఆ బిల్లులో కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ అని రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది నిజంగా వాడిన కరెంటు, మనం యూనిట్లు అనేది దీన్నే. రెండోది లైన్ల మీద పడిన మొత్తం భారం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ వినియోగదారులు డబ్బు కట్టేది కేవీఏహెచ్ మీద. అందుకని చూపు దాని మీదికే పోతుంది. మీరు తీసుకోవలసింది మాత్రం కేడబ్ల్యూహెచ్. పవర్ ఫ్యాక్టర్, అంటే కేవీఏహెచ్‌లో కేడబ్ల్యూహెచ్ వాటా, 0.90 ఉన్న భవనంలో ఈ ఒక్క పొరపాటుతో లవం 11 శాతం పెరిగిపోతుంది. మీటరు రీడింగుల నుంచి లెక్కిస్తున్నట్లయితే, బిల్లులో ఎంఎఫ్ అని ఉండే గుణకంతో హెచ్చించడం మరవకండి. పన్నెండు బిల్లులంటే పన్నెండు నెలలని కూడా అనుకోవద్దు. మొదటి రీడింగు తేదీ, చివరి రీడింగు తేదీ చూసి 365 రోజులు వచ్చాయో లేదో సరిచూడండి.

మన భవనానికి బిల్లుల మొత్తం 4,66,400 యూనిట్లు. దీనికి జనరేటర్ ఇచ్చిన కరెంటు కలపాలి. జనరేటర్‌కు వేరే మీటరు ఉంటే ఆ అంకె తీసుకోండి. లేకపోతే ఎంత డీజిల్ పోశారో చూడాలి. మన లాగ్‌బుక్‌లో 5,500 లీటర్లు ఉంది, లీటరుకు 3.2 యూనిట్ల చొప్పున 17,600. రెండూ కలిపితే 4,84,000 యూనిట్లు.

సోలార్ మాటేమిటి? బీఈఈ నియమం ప్రకారం భవనం మీదే పుట్టిన సోలార్ కరెంటును లవంలో కలపరు. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. డాబా మీద పలకలు పరిచినంత మాత్రాన కింది అంతస్తుల్లో దుబారా తగ్గదు, సంఖ్యే తగ్గుతుంది. అందుకే నా దగ్గర నేర్చుకునేవారందరికీ రెండు లెక్కలూ వేయమని చెబుతాను: నియమం కోసం సోలార్ లేకుండా ఒకటి, మీ కోసం సోలార్ కలిపి ఇంకొకటి. 50 కిలోవాట్ల పలకలు ఏడాదికి ఇచ్చే కరెంటును 70,000 యూనిట్లుగా రాసుకోండి, చివర్లో అవసరమవుతుంది.

ఇప్పుడు హారం. నేను చూసిన తప్పుడు రేటింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే. అద్దె ఒప్పందంలో రాసిన సూపర్ బిల్టప్ ఏరియాను, అంటే ఉమ్మడి జాగాల్లో వాటా కూడా కలిపిన విస్తీర్ణాన్ని వాడవద్దు, అది వ్యాపారపు లెక్క. గదుల లోపలి నేలను మాత్రమే లెక్కించే కార్పెట్ ఏరియా కూడా పనికిరాదు. కారిడార్లు, మెట్లు, లిఫ్టు ముందరి జాగా కరెంటు వాడుతూనే ఉంటాయి కదా! ఆమోదిత ప్లానులో అంతస్తులవారీగా ఉన్న బిల్టప్ ఏరియా తీసుకుని, అందులో నుంచి సెల్లార్ పార్కింగ్‌ను తీసివేయండి. మన ప్లానులో ఐదంతస్తులు కలిపి 43,056 చదరపు అడుగులు. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు కనుక భాగిస్తే 4,000 చదరపు మీటర్లు. సెల్లార్ మరో 1,200.

4,84,000ను 4,000తో భాగిస్తే 121. మన భవనం ఈపీఐ ఇదే.

ఇప్పుడు పట్టిక చూద్దాం. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి నిజమైన దరఖాస్తుకు తాజా పట్టికే చూడాలి. అభ్యాసానికి మాత్రం మొదటి పట్టిక చాలా అనువైనది. విస్తీర్ణంలో సగానికి మించి ఏసీ ఉన్న భవనాలకు, హైదరాబాదు చేరే మిశ్రమ వాతావరణ మండలంలో 190 నుంచి 165 వరకు ఒక నక్షత్రం. అక్కడి నుంచి 25 తగ్గిన కొద్దీ ఒక్కో నక్షత్రం పెరుగుతుంది. 140–115 మధ్య మూడు, 115–90 మధ్య నాలుగు, 90 కంటే తక్కువైతే ఐదు. మన 121కి మూడు నక్షత్రాలు.

ఇప్పుడు సెల్లార్‌ను హారంలో కలిపి చూడండి. 4,84,000ను 5,200తో భాగిస్తే 93. నాలుగు నక్షత్రాలు! ఒక్క దీపం ఆర్పకుండా, ఒక్క ఏసీ తగ్గించకుండా నక్షత్రం పెరిగింది. ఎవరైనా నాలుగు నక్షత్రాల లెక్క తెచ్చి చూపిస్తే నేను మొదట అడిగేది చిల్లర్ (ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం) ఏ కంపెనీదని కాదు, విస్తీర్ణం ఎక్కడి నుంచి తీసుకున్నారని.

ఇదే భవనం విశాఖపట్నంలో ఉందనుకోండి. అది వేడి, తేమ ఉన్న మండలం. గాలిలోని తేమను తీయడానికే ఏసీ ఎక్కువ శ్రమపడాలి కాబట్టి అక్కడ ప్రతి హద్దూ 10 ఎక్కువ. నాలుగు నక్షత్రాలకు 125–100. అదే 121కి అక్కడ నాలుగు వస్తాయి. ఇందులో మోసమేమీ లేదు, వాతావరణానికి ఇచ్చిన న్యాయమైన వెసులుబాటు. ఏసీ సగం కంటే తక్కువ ఉన్న భవనాల పట్టిక మాత్రం చాలా కఠినం. హైదరాబాదులో ఆ వర్గానికి ఒక నక్షత్రమే 80 దగ్గర మొదలవుతుంది. మన 121కి అక్కడ ఏమీ రాదు. కాబట్టి ఏ పట్టికలో చూస్తున్నారో ముందే నిర్ధారించుకోండి.

సోలార్ కలిపిన రెండో లెక్క: 5,54,000ను 4,000తో భాగిస్తే 138.5. ఇదీ మూడు నక్షత్రాల్లోనే ఉంది, కానీ 140 హద్దుకు ఒకటిన్నర దూరంలో. యజమానికి ఈ సంఖ్య చూపించండి. తన భవనం అసలు ఆకలి ఎంతో అప్పుడు తెలుస్తుంది.

పని గంటల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు షిఫ్టుల్లో నడిచే కాల్ సెంటర్‌ను, సాయంత్రం ఆరింటికి తాళం పడే ఆఫీసును ఒకే గాటన కట్టడం అన్యాయం. అందుకే బీఈఈ కాల్ సెంటర్ల వంటి బీపీవో భవనాలకు గంటల మీద లెక్కించే వేరే సూచిక పెట్టింది. మన భవనం ఏడాదికి 250 రోజులు, రోజుకు 9 గంటలు, అంటే 2,250 గంటలు నడుస్తుంది. గంటకు చదరపు మీటరుకు 53.8 వాట్‌అవర్లు (వెయ్యి వాట్‌అవర్లు ఒక యూనిట్). ఏడాదికి చదరపు మీటరుకు 300 యూనిట్లు వాడుతూ 8,760 గంటలూ నడిచే కాల్ సెంటర్‌కు ఇది 34.2 మాత్రమే. పైకి తిండిపోతులా కనిపించేదే గంటల లెక్కలో పొదుపరి. అయితే రాత్రి ఎండ ఉండదు, ఏసీ భారం తగ్గుతుంది కాబట్టి, ఈ పోలికను కూడా పూర్తిగా నమ్మకండి.

వచ్చే పాఠంలో నీరు, కార్బన్. అప్పటిలోగా మూడు పనులు చేయండి. మీ భవనం ఈపీఐని సెల్లార్ తీసి ఒకసారి, కలిపి ఒకసారి లెక్కించి, రెండింటి పక్కనా నక్షత్రాలు రాయండి. ఆదివారం రాత్రి ఒకసారి, సోమవారం మధ్యాహ్నం ఒకసారి మెయిన్ మీటరు దగ్గర గంటసేపు ఉండి, ఎన్ని యూనిట్లు తిరిగాయో చూడండి. ఆదివారం సంఖ్య సోమవారం సంఖ్యలో మూడో వంతు దాటితే, టార్చిలైటు తీసుకుని ఒక్కో అంతస్తూ ఎక్కి, ఏది నడుస్తోందో రాసుకురండి.