ఎండలో ఆపి స్టార్ట్ చేస్తే పికప్ పోతోందా? ఐఏటీ చూడండి

హనుమకొండ మే ఎండలో, మ్యాప్ సెన్సర్‌తో (ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెషర్ కొలిచేది) నడిచే పాత పెట్రోల్ కారు. కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తడబడుతుంది, కొంత దూరం పోయాక సర్దుకుంటుంది. ప్లగ్గులు, పెట్రోల్ పంపు మార్చే ముందు ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, అంటే ఇంజిన్ పీల్చే గాలి వేడి (ఐఏటీ) చూడాలి.

ఓబీడీ స్కానర్‌లో (బండి సెన్సర్ల రీడింగులు చూపే పరికరం) ఐఏటీ 76 డిగ్రీలు, బయట 43. ఇలాంటి బండ్లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) గాలి బరువును ప్రెషర్, ఉష్ణోగ్రతల నుంచే లెక్కగడుతుంది. సెన్సర్ ఒళ్లు కాలి 76 చెబుతుంటే, లోపలికి పోయే గాలి 43 దగ్గరే ఉంటే, పెట్రోల్ సుమారు 9 శాతం తక్కువ పడుతుంది. పైగా ఈసీయూ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి లాగుతుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ పెట్రోల్ తేడాను సర్దుతుంది గానీ ఫుల్ థ్రాటిల్‌లో దాని సాయం ఉండదు.

ముందు సెన్సర్‌ను మల్టీమీటర్‌తో కొలవాలి: చాలావాటికి 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్స్, 80 దగ్గర 300 ఓమ్స్ చుట్టూ. పొద్దున చల్లని ఇంజిన్‌లో ఐఏటీ, కూలెంట్ రీడింగులు దాదాపు ఒకటే ఉండాలి. ఈ కారులో రెండు పరీక్షలూ సరిగ్గానే వచ్చాయి, అంటే సెన్సర్ పాడవలేదు.

అసలు లోపం ఎయిర్ ఫిల్టర్ డబ్బా ముందు పైపు లేకపోవడం. రేడియేటర్ దాటిన వేడి గాలినే పీలుస్తోంది. పైపును గ్రిల్ వెనక దాకా బిగించి, రేడియేటర్ వైపు హీట్ షీల్డ్ పెట్టి, సెన్సర్ ఓ-రింగ్ మార్చాను. కాజీపేట రోడ్డు మీద ఇప్పుడు 49 దాటడం లేదు. ట్రాఫిక్‌లో నిలబడితే పెరుగుతుంది, అది మామూలే.

సెన్సర్ వైరుకు రెసిస్టర్ కలిపే 'పవర్ చిప్' జోలికి మాత్రం పోవద్దు. గాలి చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ పెంచి టైమింగ్ ముందుకు జరిపితే, మన ఎండల్లో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టుకోవడం) వచ్చి పిస్టన్లే దెబ్బతింటాయి.