కాలేజీ గ్రేడ్ల అంచనా: మల్టిపుల్ రిగ్రెషన్ మొరాయిస్తే ఏం చూడాలి?

స్కూలు మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు, బ్రాంచి వంటివి ఇస్తే సాఫ్ట్‌వేర్ క్షణంలో కాలేజీ గ్రేడును అంచనా వేసే ఒక సమీకరణం చేతిలో పెడుతుంది. ఇదే మల్టిపుల్ రిగ్రెషన్. అందులో ఒక్కో అంశాన్ని (వేరియబుల్) గుణించే అంకే కోఎఫిషియంట్. ఆ సమీకరణాన్ని నమ్మి ఒక విద్యార్థికి సలహా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

ప్రవేశ పరీక్ష కోఎఫిషియంట్ మైనస్‌లో వచ్చింది

డేటా ఎంట్రీ సరిగానే ఉంటే ముందు అనుమానించాల్సింది మల్టీకొలినియారిటీని, అంటే వేరియబుల్స్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటాన్ని. స్కూల్లో మార్కులు బాగా వచ్చినవాళ్లకు చాలావరకు పరీక్షలోనూ బాగానే వస్తాయి. రెండూ కలిసి నడిస్తే ఏది ఎంత పనిచేసిందో మోడల్ విడదీయలేదు. కొద్దిమందిని తీసేసినా ప్లస్, మైనస్ గుర్తులు తారుమారు కావచ్చు. ప్రతి వేరియబుల్‌కూ వీఐఎఫ్ (ఈ ముడి వల్ల కోఎఫిషియంట్‌లో అనిశ్చితి ఎంత పెరిగిందో చెప్పే కొలత) చూడండి. ఒకదాన్ని మిగతావాటితో అంచనా వేసినప్పుడు ఆర్-స్క్వేర్ (తేడాల్లో మోడల్ వివరించగలిగిన వంతు) 0.9 వస్తే వీఐఎఫ్ 10. నా మట్టుకు 5 దాటగానే జాగ్రత్తపడాలి. రెండింటినీ కలిపి ఒకే స్కోరు చేయండి, లేదా ఒకటి వదిలేయండి. అంచనా మాత్రమే కావాలంటే అలాగే ఉంచినా పెద్ద నష్టం లేదు. ఆ కోఎఫిషియంట్‌కు అర్థం చెప్పబోతేనే చిక్కు.

ఆర్-స్క్వేర్ మరీ తక్కువ

దీన్ని చూసి "ఆ పరీక్ష దండగ" అని తేల్చేస్తుంటారు. దయచేసి తొందరపడకండి. మీ దగ్గరున్నది సీటు వచ్చినవాళ్ల డేటా మాత్రమే. తక్కువ స్కోరు వచ్చినవాళ్లు బయటే ఆగిపోయారు కాబట్టి స్కోర్ల మధ్య తేడాలు కుంచించుకుపోయాయి, సంబంధం ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తోంది. ఎంపిక నేరుగా ఆ స్కోరు మీదే జరిగి, దరఖాస్తుదారులందరి స్కోర్ల స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కూడా దొరికితే థార్న్‌డైక్ సవరణ సూత్రంతో కోరిలేషన్‌ను (స్కోరుకు, గ్రేడుకు మధ్య సంబంధ బలాన్ని) సరిచేయవచ్చు. ఇంటర్వ్యూ మార్కులు కూడా సీటును నిర్ణయించి, మోడల్‌లో మాత్రం లేకపోతే కోఎఫిషియంట్లే పక్కదారి పట్టవచ్చు. వాటిని ఎలాగైనా సంపాదించి చేర్చండి.

పాత బ్యాచ్‌కు బాగా కుదిరింది, కొత్త బ్యాచ్‌కు కుదరలేదు

వేరియబుల్ ఏది చేర్చినా ఆర్-స్క్వేర్ తగ్గదు, అందుకే అది మోసం చేస్తుంది. వేరియబుల్స్ సంఖ్యను బట్టి సరిచేసిన అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ చూడండి. అంతకంటే మేలు, ఒక ఏడాది డేటాతో మోడల్ కట్టి తర్వాతి ఏడాది మీద పరీక్షించడం. అడ్మిషన్ నాటికి తెలియని హాజరు శాతం లాంటివి అందులో దూరాయేమో కూడా గమనించండి.

బ్రాంచి కోఎఫిషియంట్‌కు అర్థం లేదు

బ్రాంచిలకు 1, 2, 3 అని నంబర్లిచ్చి ఉంటారు. మోడల్ వాటిని కొలతలుగా తీసుకుంటుంది. బదులుగా డమ్మీ వేరియబుల్స్ (ఆ బ్రాంచి అయితే 1, కాకపోతే 0) వాడండి. నాలుగు బ్రాంచిలుంటే మూడు చాలు, మూడూ 0 అయితే అది నాలుగోది. గ్రేడింగ్ కొన్ని బ్రాంచిల్లో కఠినంగా ఉంటుంది కాబట్టి ఇది తప్పనిసరి.

మోడల్ బాగుంది, ఒక్కో విద్యార్థి విషయంలో మాత్రం తప్పుతోంది

ఇది లోపం కాదు, మోడల్ హద్దు. ఆర్-స్క్వేర్ 0.25 అయితే మిగిలే పొరపాటు స్టాండర్డ్ డీవియేషన్, అసలు గ్రేడ్ల స్టాండర్డ్ డీవియేషన్‌లో దాదాపు 87 శాతం. అంటే తగ్గింది 13 శాతమే. విద్యార్థికి ఒక్క అంకె చెప్పకండి, ప్రిడిక్షన్ ఇంటర్వెల్ (గ్రేడు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో చెప్పే పరిధి) మొత్తం చూపించండి. ఆ అంచనాతో ఎవరికీ అవకాశం మాత్రం మూసేయకండి.