మట్టిలో జంతువులు - నాలుగో పాఠం: పిల్లి తపస్సు

పోయిన పాఠంలో చేసిన గేదెలు చాలామందికి మెడ దగ్గర, కాళ్ల మొదట్లో పగిలాయి. తప్పు నాదే. లోపల ఇనుప తీగ పెట్టమన్నాను గానీ, మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుందనీ, తీగ మాత్రం అలాగే ఉంటుందనీ చెప్పలేదు. కాల్చే బొమ్మకు తీగ వద్దు. ముద్దగానే చేయండి. వేలితో నొక్కితే సొట్టపడనంత గట్టిపడ్డాక సన్నని తీగతో నిలువునా కోసి, లోపలి మట్టి తవ్వేసి, గోడ వేలి మందం ఉంచండి. అంచులు గీరి, జారుగా కలిపిన అదే మట్టి పూసి అతికించండి. పొట్ట కింద చిన్న రంధ్రం ఉండాలి. నేనైతే ఎండలో పెట్టను. గుడ్డ కప్పి నీడలో వారం రోజులు ఆరనిస్తాను.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. గేదెలో మనిషి గుణం కనిపించాలన్నాను. మీరు గేదెకు మనిషి ముఖం పెట్టారు! ఒకదానికి కనుబొమలు, ఒకదానికి చిరునవ్వు, ఒకదానికి కన్నీటి చుక్క. గుణం ముఖంలో వెతకకండి, ఒంటి బరువు ఎటు పడిందో చూడండి. పొంచి ఉన్న పిల్లికి భుజాల ఎముకలు వెన్ను కన్నా పైకి లేస్తాయి. బెదిరిన కుక్క బరువంతా వెనక కాళ్ల మీదకు పోతుంది.

మహాబలిపురంలో అర్జున తపస్సు అని పిలిచే బండ మీద 7వ శతాబ్దపు పల్లవ శిల్పులు ఏనుగుల దగ్గర ఒక పిల్లిని చెక్కారు. వెనక కాళ్లపై నిలబడి, ముందు కాళ్లు తల మీదకు ఎత్తింది. చుట్టూ ఎలుకలు. బండ చీలికకు అవతల, ఎముకలు తేలిన తపస్వి ఒంటికాలిపై చేతులెత్తి నిలబడ్డాడు. పిల్లి నిలబడ్డ తీరు అతనిదే, ముఖం మాత్రం పిల్లిదే. దొంగ తపస్సుతో ఎలుకలను నమ్మించి తినేసిన పిల్లి కథ మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. మనం కొంగజపం అనేది ఇలాంటి దొంగ తపస్సునే. ఆ కపటమంతా ఎత్తిన చేతుల్లోనే తెలుస్తోంది. శిల్పి పిల్లి మూతికి వంకర నవ్వు పెట్టి ఉంటే ఆ బొమ్మ పాడైపోయేది.

బొచ్చు కూడా గీయకండి. ఫ్రెంచి శిల్పి రోదాఁ దగ్గర పనిచేసిన ఫ్రాంస్వా పోంపాన్ అనే శిల్పి 1922లో పారిస్‌లో చూపిన తెల్ల ఎలుగుబంటి బొమ్మకు ఒంటి మీద ఒక్క వెంట్రుక గీత లేదు. అడుగు వేసే తీరులోనే దాని బరువు తెలుస్తుంది.

అభ్యాసం: మూడు రోజులు, రోజూ అరగంట ఒకే పిల్లినో కుక్కనో చూడండి. తర్వాత పిడికిలంత మట్టితో తల లేని బొమ్మలు ఇరవై చేయండి, ఒక్కోదానికి ఐదే నిమిషాలు. ఇంట్లోవాళ్లకు చూపి, ఇది భయపడుతోందా, పొంచి ఉందా, బతిమాలుతోందా అని అడగండి. వాళ్లు సరిగ్గా చెప్పినవి ఉంచి, మిగిలినవి మళ్లీ తొట్టిలో వేయండి. తలలు వచ్చే పాఠంలో పెడదాం.