పాత ఆసుపత్రి నంబరు నుంచి నా పేరు విడిపించుకున్నా

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఎక్కడా జీతానికి లేను. కాంట్రాక్టు మీద విజయనగరంలో, గురువారాలు రాజాంలో, శనివారాలు చీపురుపల్లిలో పేషెంట్లను చూస్తాను. గూగుల్‌లో నా పేరు కొడితే మాత్రం ఎప్పుడో మానేసిన ఆసుపత్రి అడ్రసు, వాళ్ల రిసెప్షన్ నంబరు వచ్చేవి. ఫోన్ చేసినవాళ్లకి "మేడమ్ రావట్లేదు, వేరే డాక్టరున్నారు, రండి" అని చెప్పేవారట. వాళ్ల వ్యాపారం వాళ్లది, సరే. బొబ్బిలి నుంచి బస్సెక్కి వచ్చిన ముసలావిడ ఏం చేయాలి?

గూగుల్‌లో కనిపించే ఆ వివరాల పేజీ (లిస్టింగ్) ఆ ఆసుపత్రి వాళ్ల చేతిలో ఉండేది. అలాంటి పేజీలు నడిపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఓనర్‌షిప్ అడుగుతూ రిక్వెస్ట్ పెట్టాను. వెరిఫికేషన్‌కి గూగుల్ వీడియో అడిగింది: వీధి, బోర్డు, తాళం తీసి లోపలికెళ్లడం, అన్నీ కట్ చేయకుండా ఒకే వీడియోలో. విజయనగరం క్లినిక్ బోర్డు మీద నా పేరే లేదు! ముందు అది రాయించాను. ప్రొఫైల్‌లో పేరు దగ్గర ఒట్టి పేరే పెట్టాలి, "బెస్ట్ స్కిన్ డాక్టర్" లాంటివి తగిలిస్తే గూగుల్ ఒప్పుకోదు.

తర్వాత ఒకే పేజీ వెబ్‌సైట్ చేయించాను: ఏ రోజు ఏ ఊరు, ఫీజు, మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. వెబ్‌సైట్‌లోనూ, పేషెంట్లకి పంపే వాట్సాప్ సందేశాల్లోనూ ఆ నంబరు ఉండాలని 2020 టెలిమెడిసిన్ (ఫోన్, ఆన్‌లైన్ వైద్యం) మార్గదర్శకాలు చెబుతున్నాయి. నయమైన కేసుల ఫోటోలు పెట్టమని డిజైనర్ కుర్రాడు పట్టుబట్టాడు. 2002 నాటి వైద్య నైతిక నియమాలు అలాంటి గొప్పలు ఒప్పుకోవు. ప్రాక్టీసు మొదలుపెట్టామనో, అడ్రసు మారిందనో, ఇలాంటి కొన్ని విషయాలు మాత్రం పత్రికల్లో ప్రకటించుకోవచ్చు.

ఇప్పుడు ఏ కాంట్రాక్టు రాసుకున్నా, నేను మానేసిన రోజే నా పేరు, ఫోటో తీసేయాలని ఒక లైను రాయిస్తున్నాను. అపాయింట్‌మెంట్లకి నా సొంత సిమ్ నంబరే ఇస్తున్నాను.