ఆదాయ అసమానతను లెక్కించడం – 3వ పాఠం: చిలీ సురేకారం

గత పాఠంలో గినీ సూచిక సూత్రాన్ని నేర్చుకున్నాము. ఆదాయం ఎంత అసమానంగా పంచుకుపోయిందో చెప్పే అంకె ఇది: అందరికీ సమానమైతే 0, అసమానత పెరిగేకొద్దీ 1కి దగ్గరవుతుంది. ఆదాయాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, ఒక్కొక్కదాన్ని దాని వరుస సంఖ్యతో హెచ్చించి కూడాలి. ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, మనుషుల సంఖ్యను మొత్తం ఆదాయంతో హెచ్చించగా వచ్చినదానితో భాగించాలి. ఐదుగురున్న పట్టిక అయితే చివర 1.2 తీసివేయాలి. చెన్నై పెరంబూరులోని మన ఆదివారం బృందంలో 5, 10, 15, 20, 50 అనే ఆదాయాలకు అందరికీ 0.40 వచ్చింది. ఈ పట్టికనే ఇప్పుడు చిలీకి తీసుకువెళదాము.

1879లో మొదలైన పసిఫిక్ యుద్ధంలో పెరూ, బొలీవియాల ఎడారి భూములు చేజిక్కడంతో, ఎరువుకూ పేలుడు మందుకూ పనికివచ్చే సహజ సురేకారంపై చిలీకి దాదాపు గుత్తాధిపత్యం దక్కింది. మన పట్టికలో 50 గని యజమానిది అనుకోండి. ధర పెరిగి అతని ఆదాయం ఒక్కటే 100 అయితే సూచిక 0.53కు ఎగబాకుతుంది, ధర పడిపోయి అది 25 అయితే 0.27కు దిగుతుంది. 5 వచ్చేవాడికి మాత్రం పైసా పెరగలేదు. అందుకే ఎగుమతి సరుకు మీద బతికే దేశంలో సూచిక తగ్గిందనగానే సంతోషించకుండా, కదిలిన వరుస ఏదో ముందు చూడాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. సురేకారం గనుల్లో కూలీని చాలాచోట్ల టోకెన్లుగా ఇచ్చేవారు. అవి ఆ కంపెనీ కొట్టులోనే చెల్లేవి. మన కాంటీను టోకెను భోజనంతో తీరిపోతుంది, ఆ టోకెను మీదే ఇల్లంతా గడవాలి. 1907 డిసెంబరులో చిలీలోని ఇకీకే రేవులో సమ్మె చేసిన కార్మికుల కోరికల్లో టోకెన్లకు పూర్తి విలువ ఇవ్వాలన్నది ఒకటి; సైన్యం వారిపై కాల్పులు జరిపింది. కొట్టులో ధరలు బయటికన్నా పావు వంతు ఎక్కువని ఊహించుకుంటే 5 నిజానికి 4, 10 నిజానికి 8. మిగిలిన 3 యజమాని పద్దులో చేరి 53 అవుతుంది. కాగితం మీది 0.40 ఇప్పుడు 0.44. కూలీ అంకెను ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకునేవారు ఈ తేడాను చూడలేరు, నా తొలి పట్టికల్లో నేనూ అదే తప్పు చేశాను.

అభ్యాసం: 1913లో జర్మనీలోని ఒప్పావులో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారీ మొదలయ్యాక సహజ సురేకారానికి పోటీ వచ్చింది, 1930ల మాంద్యంలో గనులు మూతపడి కూలీలు వీధిన పడ్డారు. టోకెన్ల సంగతి పక్కనపెట్టి, మొదటి పట్టికను 2, 5, 15, 20, 25గా మార్చి లెక్కించండి. 0.36 రావాలి. ఎవరి ఆదాయమూ పెరగకుండానే 0.40 నుంచి ఎలా తగ్గిందో నాలుగు వాక్యాల్లో రాసి వచ్చే ఆదివారం తీసుకురండి.