పాత సినిమా మళ్లీ చూడటం – మూడో పాఠం: ముందు కాపీని అనుమానించండి

రెండో పాఠం చివర ఇచ్చిన పని చేసి ఉంటే మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఒకప్పుడు ప్రాణంగా చూసిన సినిమా పేరు, అందులో ఇప్పటికీ గుర్తున్న ఐదు చోట్లు, ఒక్కో చోట అప్పట్లో ఏమనిపించిందో రెండు ముక్కలు. దాన్ని పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో కూడా సినిమా పూర్తిగా చూడం. మన చేతిలో ఉన్న కాపీ చూడదగ్గదేనా అన్నది తేల్చుకుంటాం. ఒక కొలత టేపు, ఫోన్లో కాలిక్యులేటర్, అరగంట తీరిక ఉంటే చాలు.

మళ్లీ చూసినప్పుడు మునుపటి మజా రాకపోతే వెంటనే తీర్పు ఇచ్చేస్తాం: "సినిమా పాతబడిపోయింది", కాదంటే "నేనే మారిపోయాను". రెండూ నిజమే కావచ్చు. కానీ కాపీ సంగతి తేలకముందు ఆ మాట అనడం తొందరపాటు. మొదటిసారి చూసేటప్పుడు మనల్ని లాక్కెళ్లేది "తర్వాత ఏమవుతుందో" అన్న ఆత్రం. బొమ్మ మసగ్గా ఉన్నా, మాట సగమే వినపడినా ఆ ఆత్రంలో పట్టించుకోం. రెండోసారికి కథ తెలిసిపోయింది. ఇక మిగిలిన ఆనందమంతా అంచుల్లో ఉంటుంది: హీరో మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ వంటవాడి ముఖం, మాటకీ మాటకీ మధ్య విరామం, నాట్యం చేసేవారి పాదాలు, గొంతులోని బరువు. చెడ్డ కాపీ ముందుగా మింగేసేది వీటినే. అందుకే అదే కాపీ కొత్తగా చూసేవాళ్లకి పర్వాలేదనిపిస్తుంది, మీకు మాత్రం చప్పగా ఉంటుంది.

బొమ్మని కొలవండి

తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అంతకుముందు సినిమాలు దాదాపు చదరంగా ఉండే ఫ్రేములో తీసినవి: ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. స్కోప్‌లో వెడల్పు 2.35 దాకా ఉంటుంది. మీ గోడ మీది టీవీ ఈ రెండిటికీ మధ్యది, 1.78. అంటే పాత సినిమా ఏదైనా సరే, సరిగ్గా చూపిస్తే టీవీలో ఎక్కడో ఒకచోట నల్లపట్టీలు ఉండి తీరాలి. తెర నిండా బొమ్మ కనిపిస్తోందంటే ఎవరో ఒకరు సాగదీశారు, లేదా కత్తిరించారు.

43 అంగుళాల టీవీ తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 1974కి ముందు సినిమా అయితే బొమ్మ వెడల్పు 73 సెంటీమీటర్లకి అటూఇటూగా వచ్చి, కుడి ఎడమల చెరో 11 సెంటీమీటర్లు నలుపు మిగలాలి. స్కోప్ సినిమా అయితే బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లు, పైనా కిందా చెరో ఆరున్నర నలుపు. టేపు పెట్టి చూడండి, కంటి అంచనా పనికిరాదు. సాగిన బొమ్మకి కన్ను ఐదు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. మనసుకి మాత్రం "ఈవిడ ఇలా ఉండేది కాదే" అన్న అసంతృప్తి మిగిలిపోతుంది. కారణం తెలియదు కాబట్టి దాన్ని సినిమా మీదికి నెట్టేస్తాం.

సాగదీసిన కాపీని పట్టుకోవడానికి గుండ్రటి వస్తువు దొరికిన చోట ఆపండి: నిండు చందమామ, గోడ గడియారం, కృష్ణుడి చేతిలో చక్రం. ఎత్తు 9 సెంటీమీటర్లుండి వెడల్పు 12 వచ్చిందంటే చదరపు బొమ్మని తెరకి సరిపడా లాగారన్నమాట. దీనికి మందు సులువు: టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్‌కి వెళ్లి 4:3 పెట్టండి. బొమ్మ తిరిగి కుదురుకుంటుంది.

కత్తిరించిన దానికి ఆ మందు లేదు. చదరపు ఫ్రేముని టీవీ తెర కొలతకి కోస్తే పైనా కిందా కలిపి 23 శాతం పోతుంది. టైటిల్స్‌లో పై వరస పేర్లు సగానికి తెగి ఉంటే, నృత్యంలో మొత్తం మనిషిని చూపించాల్సిన షాట్లో పాదాలు కనపడకపోతే అది కోసిన కాపీ. స్కోప్‌ని పాత 4:3 టీవీలకి తగ్గట్టు కోసినదైతే మరీ ఘోరం, 43 శాతం బొమ్మ లేదు. ఇద్దరు మాట్లాడుకునే షాట్లో ఒకరి ముక్కు మాత్రమే అంచున కనిపిస్తుంటే అదే లక్షణం. ఇలాంటివి సరిచెయ్యలేం, వేరే కాపీ వెతుక్కోవాల్సిందే.

చిన్నప్పుడు డబ్బా టీవీలో చూసిందీ కోసిన బొమ్మే కదా, అప్పుడెలా నచ్చిందని అడగొచ్చు. అప్పుడు మిమ్మల్ని కథ మోసింది. ఇప్పుడు ఆ బరువు బొమ్మ మొయ్యాలి.

'మాయాబజార్' లాంటి వాటికి ఇంకో చిక్కుంది. 1957లో నలుపు తెలుపులో వచ్చిన ఆ సినిమాకి 2010లో రంగులద్ది, స్కోప్ కొలతకి మార్చి, ధ్వనిని డీటీఎస్ (థియేటర్లో చుట్టూ వినిపించే ధ్వని) చేసి విడుదల చేశారు. పిల్లలకి చూపించడానికి అది మంచిదే. మీ జ్ఞాపకంతో పోల్చి చూసుకోవడానికి మాత్రం నలుపు తెలుపుదే పెట్టుకోండి. మీరు ఇష్టపడ్డ బొమ్మ కూర్పు అందులో ఉంది.

సెన్సార్ సర్టిఫికెట్ చదవండి

అందరూ దాటేసే ఆ మొదటి కాగితమే ఈ పాఠంలో అన్నిటికన్నా పనికొచ్చేది. సర్టిఫికెట్ కనపడగానే ఆపి, నిడివి దగ్గర రాసిన అంకె చూడండి. ఫిల్ము రోజుల సినిమాలకి అది మీటర్లలో ఉంటుంది, మరీ పాతవాటికి అడుగుల్లో. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 4,500 మీటర్లని ఉంటే దాన్ని 27.43తో భాగించండి, 164 నిమిషాలు. మీ కాపీ కూడా అంతే ఉండాలి. కంపెనీ లోగోలు, హెచ్చరిక ప్రకటనల వల్ల రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే వదిలెయ్యండి.

కాపీ 157 నిమిషాలే ఉంటే కంగారుపడకండి, అది కోత కాకపోవచ్చు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. మన టీవీ ప్రసారాల పద్ధతి 25ది. చాలాసార్లు ఫిల్ముని టీవీ కోసం ఎక్కించేటప్పుడు 24ని 25గా పరిగెత్తించేస్తారు. వేగం 4 శాతం పెరుగుతుంది, 164 నిమిషాలు 157న్నర అవుతాయి. ధ్వనిని విడిగా సరిచెయ్యకపోతే గొంతులు కూడా అర స్వరంలో ముప్పావు వంతు దాకా పైకి లేస్తాయి. హార్మోనియం ఉన్నవాళ్లు తేలిగ్గా పట్టేస్తారు: రికార్డులో ఒకటి శ్రుతిలో ఉన్న పాట సినిమాలో ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఎక్కడో పడి ఏ మెట్టుకీ కలవదు. గంభీరమైన గొంతు కాస్త పల్చబడుతుంది, హాస్యంలో మాట ఆగాల్సినంతసేపు ఆగదు. పాటని వందసార్లు విన్న చెవికి ఈ తేడా పేరు తెలియకపోయినా తగులుతుంది.

ఫైలు కంప్యూటర్లో ఉంటే వీఎల్‌సీ ప్లేయర్లో వేగం 0.96 పెట్టండి. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అన్నదాన్ని తీసెయ్యడం మరిచిపోవద్దు. అది ఉంటే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి కిందికి దిగదు.

ఇక కాపీ 140 దగ్గర ఆగిందంటే అనుమానం లేదు, కోశారు. టీవీ టైముకి సరిపెట్టడానికి ముందు తీసేసేవి పాటలు, కామెడీ ట్రాకు, ఊరికే నడిచే చిన్న సీన్లు. అవి పోయాక కథ ఊపిరి తీసుకునే చోటు లేకుండా పరిగెడుతుంది, మనమేమో "అప్పట్లో ఇంత అతుకులబొంతలా లేదే" అనుకుంటాం. మీ కాగితం మీది ఐదు చోట్లలో ఏదైనా ఇందులో లేకపోతే ఈ కాపీ మీద సినిమాని అంచనా వెయ్యకండి.

టీవీ సొంత తెలివి ఆపండి

కొత్త టీవీలు లేని ఫ్రేములు పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి. క్రికెట్‌కి బాగుంటుంది. సినిమాకి మాత్రం సెట్టు సెట్టులా, మీసం అతికించిన మీసంలా కనిపించేలా చేస్తుంది. ఎల్‌జీలో దీని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ లేదా ఆటో మోషన్ ప్లస్, మరికొన్నిట్లో ఎంఈఎంసీ. పూర్తిగా ఆపండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి పెడితే చాలు, ఇవన్నీ వాటంతటవే ఆగిపోతాయి. లేకపోతే వివిడ్ నుంచి సినిమా మోడ్‌కి మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. పాత సినిమాల ధ్వని ఒకే ట్రాకు, కాబట్టి సరౌండ్ ఎఫెక్టులు కూడా తీసెయ్యండి.

4కె అన్న అట్టని నమ్మకండి. దాని వెనక పాత వీసీడీ (వీడియో సీడీ) కాపీయే ఉండొచ్చు. వీసీడీ బొమ్మలో చుక్కలు అడ్డంగా 352, నిలువుగా 288 మాత్రమే. దాన్ని ఎంత పెంచినా లేని వివరం రాదు. దగ్గరి షాట్ ఒకటి ఆపి పట్టుచీర జరీ అంచు, చెంప మీది వెంట్రుకలు చూడండి. జరీ ఒకే పసుపు పూతలా, చెంప మైనం పూసినట్టుగా ఉంటే అది నెగెటివ్ (కెమెరాలో తీసిన అసలు ఫిల్ము) నుంచి నేరుగా వచ్చింది కాకపోవచ్చు.

సీరియల్ అయితే

సీరియళ్లకి కాపీతో పాటు మోతాదు కూడా చూడాలి. 'అమృతం' 2001 నుంచి 2007 దాకా 313 ఎపిసోడ్లు ఆదివారానికొకటి చొప్పున వచ్చింది. ఇప్పుడు ఒక సాయంత్రం పది చూసేసి "అప్పుడంత నవ్వు రావట్లేదు" అంటే అది మోతాదు చేసిన పని. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే సీరియల్‌ని కొందరికి వారానికొకటి, కొందరికి రోజుకొకటి, కొందరికి ఏకబిగిన చూపించారు. తక్కువ ఆనందించామన్నది ఏకబిగిన చూసినవాళ్లే. రోజుకి ఒకటి, పండగపూట రెండు, అంతకు మించొద్దు. టైటిల్ పాట దాటెయ్యకండి, అది నవ్వుకి మనల్ని సిద్ధం చేస్తుంది.

సినిమాల విషయంలో ఇదే తప్పు క్లిప్పుల రూపంలో జరుగుతుంది. కామెడీ సీనుని ఫోన్లో యాభైసార్లు చూసి, అసలు సినిమాలో అది వచ్చేసరికి నవ్వు రాలేదంటే ఆశ్చర్యమేముంది? సినిమా చూడాలనుకున్న రోజుకి కనీసం నెల ముందు నుంచి దాని క్లిప్పులు, రీల్సు ఆపెయ్యండి.

ఈ వారం పని

రెండో పాఠపు కాగితం వెనక నాలుగు అంకెలు రాయండి: బొమ్మ వెడల్పు, ఎత్తు, సర్టిఫికెట్ ప్రకారం నిమిషాలు, కాపీలో నిమిషాలు. ఏది తేడా వచ్చినా ఇంకో కాపీ చూసి మళ్లీ కొలవండి. పరీక్ష కోసం మీకిష్టమైన ఐదు చోట్లనీ ముట్టుకోవద్దు, మొదటి ఇరవై నిమిషాల్లోనే అన్నీ తేలతాయి. రెండు మూడు కాపీలు చూసినా అన్నీ కోసినవే అయితే ఆ సినిమాని ప్రస్తుతానికి పక్కన పెట్టి, మీకిష్టమైన ఇంకో పాత సినిమా తీసుకోండి.

అంకెలన్నీ సరిపోయాక, ఫోను వేరే గదిలో పెట్టి, ఇంటర్వెల్ కార్డు దగ్గర పది నిమిషాలు ఆగి, ఒకే పూటలో సినిమా చూడండి. అప్పుడు కూడా ఏదైనా చోట మనసు వెనక్కి తగ్గితే, ఉదాహరణకి ఒంటి రంగు మీదో, లావు మీదో, పెళ్లాన్ని కొట్టడం మీదో వేసిన జోకు దగ్గర నవ్వు ఆగిపోతే, ఆ నిమిషం నంబరు రాసి ముందుకి వెళ్లండి. దాన్ని ఏ సెట్టింగూ సరిచెయ్యదు, సరిచెయ్యాల్సిన పనీ లేదు. నాలుగో పాఠం ఆ నంబర్లతోనే మొదలవుతుంది.