కణాలు తీసేసిన కణజాలం – 4వ పాఠం: తెల్ల రవ్వ, జిగురు, డీఎన్‌ఏజ్

పోయిన పాఠంలో గొర్రె గుండె చుట్టూ ఉండే పొరను, కణాలు తీసేయడానికి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో వేయమన్నాం. పొర మీద తెల్ల రవ్వ పేరుకుందని చాలామంది రాశారు. కొందరు కొవ్వనుకుని గీకి పొరను చించుకున్నారు. అది కొవ్వు కాదు, ఎస్‌డీఎస్సే. చల్లబడితే అది గడ్డకడుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) కలిపినా చిక్కే: అందులోని పొటాషియంతో కలిసి సరిగా కరగని ఉప్పుగా మారుతుంది. అనంతపురం వైపు సబ్బు నురగ రాని బోరు నీళ్లలో కాల్షియం చేసేదీ ఇదే పని. డిస్టిల్డ్ వాటర్ లీటరుకు 1 గ్రాము ఎస్‌డీఎస్, 25 డిగ్రీల గది, 24 గంటలు. మేలో ఏసీ లేని గదిలో మొదలుపెట్టొద్దు, పొర కుళ్లుతుంది. తర్వాత మొదటి మూడు కడుగులూ డిస్టిల్డ్ వాటర్‌తోనే, ఆపైన పీబీఎస్.

కొవ్వు తీయడం, గ్లౌజులు, స్టెరైల్ సీసాలు మీకు తెలిసినవే. ఒక్క మాట: గుండెను దాని చుట్టూ ఉన్న పొర సంచి కోయకుండా ఇమ్మని మటన్ కొట్టులో ముందే చెప్పుకోండి.

పొర తెల్లబడింది, పని అయిపోయిందంటారా? పోయింది రక్తం రంగు మాత్రమే. ఫోర్‌సెప్స్‌తో ఎత్తి చూడండి, అంచు నుంచి చీమిడిలా తీగలు సాగుతాయి. పగిలిన కణాల డీఎన్‌ఏ అది. దాన్ని కోసే ఎంజైమ్ డీఎన్‌ఏజ్.

ఇక్కడే, ఎన్నిసార్లు చెప్పినా, లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏను చాలామంది పూర్తిగా కడగరు. ఎస్‌డీఎస్‌కు ముందు వాడిన మొదటి ద్రావణంలో 0.1 శాతం ఈడీటీఏ ఉంది, అంటే దాదాపు 2.7 మిల్లీమోలార్. డీఎన్‌ఏజ్ బఫర్‌లో మెగ్నీషియం 2.5, కాల్షియం 0.5 మిల్లీమోలార్. లెక్క మీరే వేయండి: ఈడీటీఏ అలాగే ఉండిపోతే ఆ రెండింటినీ దాదాపు మొత్తం పట్టేసుకుంటుంది, అవి లేకుండా ఎంజైమ్ కదలదు. మిగిలిన ఎస్‌డీఎస్ అయితే ఎంజైమ్‌నే విరిచేస్తుంది. అప్పుడు ఎంజైమ్ పాతదని తిట్టి కొత్త వయల్ తెప్పిస్తారు. గిరగిరా కుదిపే వోర్టెక్స్ మీద పెట్టినా ఎంజైమ్ పాడవుతుంది, వయల్‌ను మెల్లగా తలకిందులు చేస్తే చాలు. పీబీఎస్ ఇక్కడా వద్దు, ఫాస్ఫేట్ కాల్షియాన్ని దించేస్తుంది. 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 7.5, డీఎన్‌ఏజ్ మిల్లీలీటరుకు 50 యూనిట్లు, 37 డిగ్రీలు, 3 గంటలు. జిగురు పోవాలి.

కణాలు పోయాయనడానికి గీత ఇది: ఎండిన పొర మిల్లీగ్రాముకు 50 నానోగ్రాముల లోపు డీఎన్‌ఏ, డీఎన్‌ఏ ముక్కలు 200 బేస్ జతల లోపు, డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే డాపీ రంగులో కేంద్రకం ఒక్కటీ కనపడకూడదు.

అభ్యాసం: చివరి కడుగు నీళ్లు 1 మిల్లీలీటరు, పలచటి మిథిలిన్ బ్లూ 1, క్లోరోఫామ్ 2, ఫ్యూమ్ హుడ్‌లో కలిపి ఊపండి. అడుగున ఉండే క్లోరోఫామ్ నీలంగా మారితే ఎస్‌డీఎస్ ఇంకా ఉంది. పక్కన ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో పెట్టిన గొట్టంతో సమానమయ్యే దాకా కడగండి. ఆపైన పొర ముక్కలు నాలుగు: ఈడీటీఏ కడిగినవి రెండు, కడగనివి రెండు, ప్రతి జతలో ఒకదానికే డీఎన్‌ఏజ్. నాలుగింటినీ ఎండబెట్టి, తూచి, ప్రొటీన్లను కోసే ఎంజైమ్ ప్రొటీనేజ్ కెతో కరిగించి, డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే పికోగ్రీన్ రంగుతో డీఎన్‌ఏ కొలవండి. కాంతి శోషణతో కొలిచే నానోడ్రాప్ యంత్రం అంకె పంపొద్దు, అది ఆర్‌ఎన్‌ఏనూ కలిపి చూపిస్తుంది.